జారిపోయిన చేపల లెక్క: టెక్సస్‌లో ఒడ్డు మీంచి బాస్ వేట, పదకొండు నెలల డైరీ

డాలస్‌కి ఉత్తరాన ఉంటాను. పడవ లేదు, అంతా ఒడ్డు మీంచే. లూయిస్‌విల్ సరస్సు, రే రాబర్ట్స్ సరస్సు, ఇంటి దగ్గర ఒక పార్కు చెరువు, ఈ మూడు చోట్ల లార్జ్‌మౌత్ బాస్ (పెద్ద నోరుండే మంచినీటి వేటచేప) కోసం డిసెంబరు నుంచి అక్టోబరు దాకా తిరిగిన లెక్క ఇది. ఏ ఎర మంచిదో వెతుకుదామని మొదలుపెట్టాను. చేప ఎరని కొట్టాక ఎందుకు జారిపోతోందన్నదే అసలు పని అయి కూర్చుంది. ఇలాగే మొదలుపెట్టేవాళ్ళు నా ఖర్చులో సగంతో బయటపడొచ్చు.

లెక్క పద్ధతి, సామాను

నోట్‌బుక్‌లో నాలుగే గళ్ళు. చేప ఎరని తాకిన ప్రతిసారీ ఒక "దెబ్బ". చేతికొస్తే "ఒడ్డెక్కింది". రాకపోతే, ముడి ఊడినా, దారం తెగినా, నోట్లోంచి గాలం ఊడినా, అన్నీ "జారింది". నాలుగోది పోయిన ఎరలు.

కొలవడానికి కొత్తగా ఏమీ కొనలేదు.

1. నీటి వేడికి: పాలు తోడు పెట్టేటప్పుడు వాడే వంటింటి థర్మామీటరు. ఇది పైనీటి వేడే చెబుతుంది, అంతవరకే నమ్మాలి.
2. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో చూడ్డానికి: పెద్ద పెరుగు డబ్బా తెల్ల మూత. మధ్యలో బోల్టు బిగించి, తాడుకి ఆరంగుళాలకొక ముడి వేశాను. మూత కనిపించకుండా పోయే లోతే ఆ రోజు చూపు.
3. బరువుకి: ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులు తూచే కొక్కెం తూకం. అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే. చేపల్ని తూయడానికని కాదు, ఎందుకో కింద చెప్తాను.

మొదటి ఖర్చు: లైసెన్సు 30 డాలర్లు, స్పిన్నింగ్ సెట్ (దారం చుట్టిన స్పూలు తిరగకుండానే దారం వదిలే రీలు, రాడ్) 70, బెయిట్‌కాస్టర్ సెట్ (విసిరేటప్పుడు స్పూలే తిరిగే రీలు, రాడ్) 110, ఎరలు 65. మొత్తం 275.

దశ 1: డిసెంబరు, జనవరి. చల్లటి తేటనీళ్ళు

నీటి వేడి 46 నుంచి 50 డిగ్రీల ఫారెన్‌హీట్. చూపు మూడడుగుల పైనే.

మొదటి తప్పు బెయిట్‌కాస్టర్‌తో మొదలుపెట్టడం. వీడియోల్లో అందరూ దాంతోనే విసురుతుంటే అదే అసలైందనుకున్నా. దానికి ఔన్సులో ఎనిమిదో వంతు బరువున్న ఎర కట్టాను. ఎర గాల్లో నెమ్మదించింది, స్పూలు మాత్రం ఆగకుండా తిరిగింది. దారం పక్షిగూడులా అల్లుకుపోయింది. మొదటి రోజు రెండు గంటల్లో గంటా పది నిమిషాలు చిక్కులు తీయడానికే సరిపోయింది. చలికి వేళ్ళు వంగవు. కత్తెర పెట్టి కోసేశాను.

తర్వాత ఇంటి వెనక గడ్డిలో ఎర బదులు నట్టు కట్టి నేర్చుకున్నది:

1. పక్కనున్న టెన్షన్ నాబ్‌ని ఎర తనంతట తాను మెల్లగా దిగేంత బిగించాలి.
2. మాగ్నెట్ బ్రేకు 10లో 8 దగ్గర పెట్టి, వారానికొక అంకె తగ్గించుకోవాలి.
3. విసిరే దూరానికి ఒకటిన్నర రెట్లు దారం లాగి, స్పూలు మీద మిగిలినదానికి టేపు అంటించి, లాగిన దారం మళ్ళీ చుట్టాలి. చిక్కు ఎంత పడినా టేపు కిందికి దిగదు.
4. ఎర నీళ్ళని తాకేలోపే బొటనవేలు స్పూలు మీద ఉండాలి.

కనీసం పావు ఔన్సు లేకపోతే దాన్ని ముట్టుకోను. తేలిక ఎరలన్నీ స్పిన్నింగ్ రీలుకి మార్చేశాను: 2500 సైజు రీలు, 7 అడుగుల మీడియం రాడ్, 10 పౌండ్ల బలమున్న బ్రెయిడ్ (అల్లిన దారం), చివర ఆరడుగుల 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం. దానికి ఔన్సులో పదో వంతు నెడ్ రిగ్ (చిన్న సీసం తలకి గుచ్చిన పొట్టి, మెత్తటి ఆకుపచ్చ పురుగు ఎర) కట్టి అడుగున పాకిస్తూ, ఆపి, మళ్ళీ పాకించడం. చలిలో చేప పరుగెత్తి రాదు. అది కొట్టినట్టు కూడా ఉండదు, తడిగుడ్డ ఏదో తగులుకున్నంత బరువు మాత్రం తెలుస్తుంది.

అలా నాలుగు తగిలాయి. ఒకటే ఒడ్డెక్కింది. ఒకటి నాకు తెలిసేసరికే ఎర ఉమ్మేసింది. మిగతా రెండిటికీ దారం ఉత్తిగా వచ్చింది, చివర స్ప్రింగులా చుట్టలు తిరిగి ఉంది. తెగితే అలా ఉండదు. ముడి జారిందన్నమాట.

ఆ రాత్రి సూట్‌కేసు తూకం బయటికి తీశాను. గాలాన్ని తలుపు పిడికి తగిలించి, దారం ఇంకో కొస తూకానికి కట్టి, ముడి పోయేదాకా లాగడం. దారం 8 పౌండ్లది.

పొడిగా బిగించిన క్లించ్ ముడి: 4.1, 3.8, 4.6 పౌండ్లు.
అదే ముడి ఉమ్మితో తడిపి బిగిస్తే: 6.2, 6.5, 5.9.
తడిపి బిగించిన పాలోమర్ ముడి: 7.1, 7.3, 6.9.

పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి ఫ్లోరోకార్బన్ దెబ్బతింటుంది. చేపలు తెంపుకుపోయాయని ఇంట్లో గొప్పగా చెప్పాను గానీ, నిజానికి చేత్తో నేనే సగం తెంపి ఇచ్చాను. ఆ తర్వాత ముడుల వల్ల ఒక్క చేప కూడా పోలేదు.

డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారాన్ని కాస్త వదిలే రీలు బ్రేకు) కూడా ఇదే తూకంతో పెట్టుకున్నాను. రాడ్ వంచి లాగితే 2 నుంచి 2.5 పౌండ్ల దగ్గర దారం జారడం మొదలవ్వాలి. అంతకుముందు చేత్తో లాగి "సరిపోయింది" అనుకున్నప్పుడు తూచి చూస్తే 5 ఉంది.

లెక్క (ప్రతి దశ చివరా మొదటి నుంచి అప్పటిదాకా కలిపినది): 20 గంటలు, దెబ్బలు 4, ఒడ్డెక్కినవి 1, జారినవి 3, పోయిన ఎరలు 13. ఖర్చు మొత్తం 309.

దశ 2: మార్చి, ఏప్రిల్. బురద నీళ్ళు, గాలి

ఫిబ్రవరిలో ఇంట్లో పనులతో వెళ్ళలేదు. అప్పుడు వెళ్ళాల్సిందని ఇప్పుడు తెలుసు, టెక్సస్‌లో పెద్ద ఆడచేపలు ఒడ్డు వైపు కదిలేది అప్పుడే.

మార్చిలో నీళ్ళు 58 నుంచి 64. వర్షాలు పడి పెరుగు మూత ఎనిమిదంగుళాలకే మాయమైంది. జనవరిలో పనిచేసిన ఆకుపచ్చ పురుగు ఎరతో మూడు ట్రిప్పులు తిరిగితే ఒక్క దెబ్బ లేదు. రంగులు మార్చాను, అయినా లేదు. నాలుగో ట్రిప్పులో ఎర జాతినే మార్చాను: ఔన్సులో ఎనిమిదింట మూడు వంతుల స్పిన్నర్‌బెయిట్, నీళ్ళలో గిరగిరా తిరిగే గుండ్రటి కొలరాడో రేకుతో. సన్నగా ఆకులా ఉండే విల్లో రేకు మెరుస్తుంది, తేటనీళ్ళకి అది. గుండ్రటిది నీళ్ళని దడదడలాడిస్తుంది. కంటికి ఆననప్పుడు బాస్ పక్కల మీదున్న గీతతో ఆ కదలిక పట్టుకుంటుంది.

ఇంకో తప్పు దూరంగా విసరడం. బురదలో చేప ఒడ్డుకే అతుక్కుని ఉంటుంది, నేను దాని నెత్తి మీంచి విసురుతున్నా. ఒడ్డుకి సమాంతరంగా, రాళ్ళని గీరుతూ వచ్చేలా విసరడం మొదలుపెట్టాక ఒడ్డెక్కిన పదింటిలో ఎనిమిది ఆరడుగుల లోపు తగిలినవే. అప్పటిదాకా నేను రాగానే నీళ్ళ అంచున నిలబడి వాటిని తరిమేస్తున్నాను. ఇప్పుడు ఒడ్డుకి పదడుగులు వెనక నిలబడి మొదటి నాలుగు విసుర్లు వేస్తాను.

దక్షిణపు గాలి గంటకి 20 మైళ్ళుంటే ఎదురుగాలి ఒడ్డుకే వెళ్ళాలి. నిలబడటం నరకం, దారం విల్లులా వంగుతుంది. కానీ చిన్న చేపలు అటే కొట్టుకుపోతాయి, బాస్ వాటి వెంట వస్తుంది. ఎర బరువు అర ఔన్సుకి పెంచి, పక్కనుంచి కింద ఎత్తులో విసరాలి.

జారిన తొమ్మిదింటి లెక్క:

1. ఐదు, రేకు దగ్గర కొట్టి వెళ్ళిపోయినవి. స్పిన్నర్‌బెయిట్‌కి వెనక రెండో గాలం తగిలించాను. మూడు అదనంగా దొరికాయి, కానీ పొదల్లో నాలుగు ఎరలు పోయాయి. ఇప్పుడు శుభ్రమైన రాళ్ళ ఒడ్డు మీద తప్ప తగిలించను.
2. రెండు, దారం కోసుకుపోయినవి. లూయిస్‌విల్ రాళ్ళకి జీబ్రా మస్సెల్ గుల్లలు పట్టి ఉంటాయి. టెక్సస్‌లో ఇవి మొదట 2009లో టెక్సోమా సరస్సులో బయటపడ్డాయి, తర్వాత ఒక్కో సరస్సుకీ పాకాయి. అంచులు బ్లేడులే. ప్రతి పది విసుర్లకీ చివరి రెండడుగుల దారాన్ని గోళ్ళ మధ్య లాగి చూస్తాను, గరుకు తగిలితే కోసి మళ్ళీ కడతాను. వాడిన వలా, తడిసిన బూట్లూ ఎండాకే ఇంకో సరస్సుకి.
3. రెండు, గాల్లోకి ఎగిరి తలాడించి విదిలించుకున్నవి. అప్పటికి దానికి మందు తెలియదు.

ఏప్రిల్ మొదట్లో ఒడ్డు పక్కన శుభ్రం చేసిన గుండ్రటి మచ్చలు (గుడ్లు పెట్టే గూళ్ళు), వాటి మీద కాపలా మగచేపలు కనిపించాయి. పట్టడం ఇక్కడ చట్టబద్ధమే. నాకు మనసొప్పలేదు, వదిలేశాను.

లెక్క: 46 గంటలు, దెబ్బలు 23, ఒడ్డెక్కినవి 11, జారినవి 12, పోయిన ఎరలు 21. ఖర్చు మొత్తం 350.

దశ 3: మే, జూన్. నాచు మీద కప్ప

మే నెలలో ఖమ్మం నుంచి మామయ్యగారు వచ్చారు. పాలేరు జలాశయం దగ్గర కొర్రమీను గాలాలు వేసి పెరిగిన మనిషి. మొదటి రోజు మడత కుర్చీ తీసుకెళ్ళి చెరువు పక్కన వేసి కూర్చోబెట్టాను, సరిగ్గా ఫైర్ యాంట్ల (కుట్టే ఎర్రచీమల) పుట్ట మీద. రెండో రోజు నుంచి కుర్చీ ఆయనే చూసి వేసుకున్నారు.

చెరువులో సగం నాచు, అంచున తామరాకులు. ఇక్కడ పనికొచ్చేది బోలు రబ్బరు కప్ప ఒక్కటే. గాలాలు దాని వీపుకి ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి కాబట్టి నాచుకి తగులుకోవు. చేప నొక్కితేనే బయటికొస్తాయి.

మొదటి మూడు ఉదయాలు: దెబ్బలు 17, ఒడ్డెక్కినవి 2. నీళ్ళు పేలినట్టు చప్పుడవుతుంది, నేను గుంజుతాను, కప్ప గాల్లో ఎగిరి నా మీదికొస్తుంది.

ఒకేసారి రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదని ముందు దారమే మార్చాను. అప్పటిదాకా 15 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్ దారం). అది సాగుతుంది. ముప్ఫై అడుగుల దూరంలో నేను గుంజిన బలంలో చాలాభాగం దారం సాగడానికే పోతోంది. సాగని 50 పౌండ్ల బ్రెయిడ్ ఎక్కించాను.

ఫలితం: దెబ్బలు 9, ఒడ్డెక్కినవి 3. కొంచెం నయం, అంతే.

మామయ్యగారు అప్పటిదాకా ఏమీ అనలేదు. ఆ రోజు ఇంటికెళ్తూ కారులో అన్నారు: "అల్లుడు గారూ, మీరు చేప నోట్లోంచి ముద్ద లాక్కుంటున్నారు."

"చప్పుడు కాగానే లాగకపోతే ఉమ్మేస్తుంది కదా మామయ్యా?"

"చప్పుడయ్యేది అది నోరు తెరిచినప్పుడు. మూయనివ్వండి. కొర్రమీనుకి మేం కప్ప వేస్తే బీడీ ముట్టించుకునే టైమిస్తాం."

బీడీ టైము ప్రాణమున్న కప్పకి సరిపోతుంది, రబ్బరుకి కాదు. రెండు అంకెలు లెక్కపెడదామని ఒప్పందం చేసుకున్నాం. పద్ధతి ఇదీ:

1. చప్పుడు వినగానే చేయి కదపకూడదు. రాడ్ కొన నీళ్ళ వైపు దించాలి.
2. ఒకటి, రెండు. ఈలోగా వదులు దారం చుట్టుకోవాలి.
3. బరువు తెలిస్తేనే పైకి గట్టిగా గుంజాలి. తెలియకపోతే కప్పని అక్కడే వదిలేయాలి, మళ్ళీ కొట్టొచ్చు.
4. తగిలాక ఆగకుండా చుట్టాలి. తల నాచులోకి దూరితే ఇక రాదు. డ్రాగ్ పూర్తిగా బిగించి ఉండాలి.

జూన్ రెండో శనివారం, ఆరుంపావు. తామరాకు అంచు మీద కప్పని ఆపి ఉంచాను. పక్క ఆకు ఒకటి గాలి లేకుండానే కదిలింది. ఈసారి పేలుడు లేదు, "గుళుక్" మని చిన్న చప్పుడు, కప్ప లేదు. మడత కుర్చీలోంచి "ఒకటీ…" అని మెల్లగా వినిపిస్తోంది. దారం పక్కకి, ఆకుల కిందికి, తొందరలేనట్టు జరుగుతోంది. నా మోచేయి దానంతటదే లేవబోతే ఎడమచేత్తో పట్టుకున్నా. "రెండూ, ఇగ గుంజు!" అల్లుడు గారు, మీరు, అన్నీ పోయాయి ఆ అరుపులో. గుంజాను. బుట్టెడు నాచుతో సహా వచ్చింది. 19 అంగుళాలు, సూట్‌కేసు తూకం మీద 3.9 పౌండ్లు. ఏడాదికంతా పెద్దది అదే.

ఆగడం మొదలుపెట్టాక: దెబ్బలు 12, ఒడ్డెక్కినవి 7. చివరి రెండు రోజులు కప్ప గాలాల్ని పటకారుతో కాస్త బయటికి వంచాను కూడా, కాబట్టి ఈ ఏడూ ఆగడం వల్లే అని గట్టిగా అనలేను.

ఆయన చెప్పింది ఒకటి ఇక్కడ పనిచేయలేదు. కొర్రమీను గాలి పీల్చడానికి పైకొస్తుంది, ఆ బుడగని బట్టి చోటు తెలుసుకోవచ్చు. బాస్ అలా రాదు. పాపం రెండు ఉదయాలు బుడగల కోసమే చూస్తూ కూర్చున్నారు.

చేపని వదిలేయడం ఆయనకి ఒక పట్టాన మింగుడుపడలేదు. "మళ్ళీ నీళ్ళలో వేసేదానికి ఇంత ఖర్చా?" అన్నారు. రాష్ట్రమంతటా ఉన్న మామూలు నియమం ప్రకారం 14 అంగుళాలు దాటినవి రోజుకి ఐదు దాకా ఉంచుకోవచ్చు, కొన్ని సరస్సులకి వేరే లెక్కలున్నాయి, వెళ్ళే ముందు చూసుకోవాలి. లూయిస్‌విల్ నుంచి 15 అంగుళాలవి రెండు తెచ్చి పులుసు పెట్టాం. కొర్రమీను కండ గట్టితనం రాలేదని తీర్పు. చింతపండు కాపాడింది.

లెక్క: 70 గంటలు, దెబ్బలు 61, ఒడ్డెక్కినవి 23, జారినవి 38, పోయిన ఎరలు 23. ఖర్చు మొత్తం 390.

దశ 4: జులై, ఆగస్టు. వేడి

తెల్లవారుజామున నీళ్ళు 84, సాయంత్రం 91. ఐదూ నలభై ఐదు నుంచి ఎనిమిది దాకానే వేట. ఎండెక్కాక చేప నీడలోకో లోతుకో పోతుంది. నడక వంతెనల కింది నీడలో వాకీ రిగ్: ఐదంగుళాల మెత్తటి పురుగు, మధ్యలో 1 నంబరు గాలం, అసలు సీసం లేకుండా. విసిరి ఊరుకుంటే రెండు కొసలూ ఆడిస్తూ అదే దిగుతుంది.

ఇక్కడ నేర్చుకున్న పాఠమే ఎదురుతిరిగింది. కప్పకి ఆగమన్నారని దీనికీ రెండంకెలు లెక్కపెట్టాను. ఒడ్డెక్కిన 11లో నాలుగు గాలాన్ని గొంతులోకి మింగేశాయి. మూడింటికి దారం గాలం దగ్గరగా కోసి వదిలాను. నాలుగోదానికి గాలం తీయబోయి రక్తం తెప్పించాను. నీళ్ళలో వదిలితే పక్కకి ఒరిగింది, నిలబెడితే మళ్ళీ ఒరిగింది. వేడినీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, దెబ్బతిన్న చేప కోలుకోదు. పన్నెండంగుళాలే ఉంది, ఇంటికి తీసుకెళ్ళడానికీ లేదు.

మెత్తటి పురుగు అసలు తిండిలాగే ఉంటుంది, ఉమ్మదు, మింగుతుంది. పైగా దీనికి సన్నగాలం, చర్మంలో దిగడానికి పెద్ద బలం అక్కర్లేదు. కాబట్టి:

1. దారం నీళ్ళని తాకే చోటే చూడాలి. ఉలిక్కిపడినా, పక్కకి నడిచినా అదే దెబ్బ.
2. గుంజుడు వద్దు. వదులు చుట్టి, రాడ్‌ని పక్కకి సాగదీస్తే చాలు, వెంటనే.
3. గాలం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని పటకారుతో నొక్కేయాలి. జారేవి పెరగలేదు, తీయడం సులువైంది.

మార్చాక మింగినవి లేవు.

లెక్క: 84 గంటలు, దెబ్బలు 77, ఒడ్డెక్కినవి 34, జారినవి 43, పోయిన ఎరలు 28. ఖర్చు మొత్తం 407.

దశ 5: సెప్టెంబరు, అక్టోబరు. షాడ్ గుంపులు

డిసెంబరులో కొన్న లైసెన్సు ఆగస్టు 31తో అయిపోయింది. ఈ రకం లైసెన్సు ఏ నెలలో కొన్నా అంతే, సెప్టెంబరు 1 నుంచి కొత్త ఏడాది. నేను చూసుకోలేదు. అదృష్టం బాగుండి ఆ వారం రే రాబర్ట్స్ స్టేట్ పార్కు లోపల ఒడ్డు మీద ఉన్నాను, అక్కడ లైసెన్సు అక్కర్లేదు. ఆ సాయంత్రమే కొన్నాను, 30 డాలర్లు.

నీళ్ళు చల్లబడుతుంటే బాస్ తినే షాడ్ అనే చిన్న చేపలు పాయల్లోకి వస్తాయి, వెనక బాస్. వేగంగా వెతకాలి: అర ఔన్సు లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్, చదరపు ముక్కు క్రాంక్‌బెయిట్ (చుడుతుంటే చిన్న చేపలా ఊగే గట్టి ఎరలు). మొదటి వారాంతం దెబ్బలు 8, ఒడ్డెక్కినవి 2. తగలడం అన్నీ తగులుతున్నాయి, సగం దూరంలో ఊడిపోతున్నాయి.

కారణం కప్పకి పనిచేసిన సెట్టే. గట్టి రాడ్, సాగని బ్రెయిడ్. ఈ ఎరలకుండేవి చిన్న మూడుముళ్ళ గాలాలు. పైపైనే దిగుతాయి. చేప తల విదిలిస్తే ఇచ్చేది ఏదీ లేక చిరుగుతాయి. పాత సామాను అమ్మే ఆయన దగ్గర 45 డాలర్లకి మధ్యదాకా వంగే మెత్తటి ఫైబర్‌గ్లాస్ రాడ్ కొన్నాను. 12 పౌండ్ల మోనో, కప్ప దగ్గర తిట్టుకున్న ఆ సాగుడే ఇక్కడ కావాలి. మొండి గాలాలు మార్చడానికి 8 డాలర్లు. ఇక్కడ మటుకు మూడూ ఒకేసారి మార్చేశాను, ఓపిక అయిపోయింది.

తర్వాత: దెబ్బలు 14, ఒడ్డెక్కినవి 13. మార్చిలో గాల్లో విదిలించుకున్న ఆ రెండిటికీ మందు ఇదేనేమో. చేప ఎగరబోతే రాడ్ కొన నీళ్ళలోకి దించడం కూడా అప్పుడే అలవాటైంది.

లెక్క: 101 గంటలు, దెబ్బలు 99, ఒడ్డెక్కినవి 49, జారినవి 50, పోయిన ఎరలు 31. ఖర్చు మొత్తం 490.

ఇప్పుడు కారులో ఉండేవి

1. స్పిన్నింగ్, మీడియం రాడ్, 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ కొస. చూపు రెండడుగులు దాటితే, లేదా నీళ్ళు 50 కంటే చల్లగా ఉంటే. నెడ్, వాకీ. పక్కకి సాగదీత.
2. బెయిట్‌కాస్టర్, గట్టి రాడ్, 50 పౌండ్ల బ్రెయిడ్. నాచు ఉంటే కప్ప, రెండంకెలు ఆగి గుంజుడు. బురదలో ఇదే రాడ్‌తో స్పిన్నర్‌బెయిట్, దానికి ఆగక్కర్లేదు.
3. మెత్తటి ఫైబర్‌గ్లాస్ రాడ్, 12 పౌండ్ల మోనో. మూడుముళ్ళ గాలాలున్నవన్నీ దీనికే. గుంజకూడదు, చుడుతూ ఉంటే చేపే గుచ్చుకుంటుంది.

రంగుల పెట్టెలో 65 డాలర్ల ఎరల్లో ఇంకా వాడనివి ఇరవై రెండున్నాయి. మామయ్యగారు ఈ నెలాఖరుకి వెళ్ళిపోతున్నారు. రబ్బరు కప్పలు రెండు సూట్‌కేసులో పెట్టుకున్నారు, పాలేరులో వేసి చూస్తారట. మొత్తం బరువు 22.8 కిలోలు వచ్చింది, తూకం మీద కొంచెం చేపవాసన ఉందని మా ఆవిడ పేచీ.